మూడోసారి కారిన ఆయిల్

పాత మోటార్ సైకిల్ కొన్న నెలలోనే ఇంజిన్ నుంచి ఆయిల్ కారడం ఇది మూడోసారి. అతను వాకిట్లో చతికిలబడి పక్క మూత విప్పి, ఆయిల్ బయటికి రాకుండా అంచున కొత్త ప్యాకింగ్ వేస్తున్నాడు. బట్టలు కుట్టే అమ్మ మిషను వదిలొచ్చి స్పానర్లు అందిస్తోంది.

“అమ్మినవాడు నన్ను నిలువునా ముంచాడమ్మా! మూత మీద ఈ సొట్టలు చూడు. ఎక్కడో పడేసిన బండిని నాకు అంటగట్టాడు. ఇప్పుడే వెళ్లి వాడి అంతు తేలుస్తా.”

“వద్దురా, అతన్నేమీ అనకు.”

“ఎందుకు అనకూడదు?”

అమ్మ స్పానర్ కింద పెట్టి, చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తింది. మోకాలికి గాయం కట్టు ఉంది.

“రోజూ నువ్వు నిద్ర లేచేలోపు ఈ బండిని సందు చివరిదాకా నడిపి తెస్తున్నా. మలుపు తిప్పడం ఒక్కటే రావట్లేదు. అది నేర్పించావంటే ఇక ఆయిల్ కారదు.”