రెండు వేల మందిలో ఇద్దరు

“ఇది మావాళ్ళు కూర్చునే వైపు. మీరు వెళ్ళి బస్సులో కూర్చోండి డ్రైవర్ గారూ,” అన్నాడు గేటు దగ్గరి కాపలాదారు.

“నా టికెట్టు మీద ఈ సీటు నంబరే ఉంది. అంత ఇదిగా ఉంటే బస్సునే లోపలికి తెచ్చి పెట్టండి,” అన్నాడు డ్రైవర్, కాలు మీద కాలు వేసుకుని.

ఆ మధ్యాహ్నం ఇండోర్ స్టేడియంలో రెండు వేల నీలం చొక్కాల మధ్య ఎర్ర చొక్కా అతనొక్కడిదే. తన కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుని ఆరు గంటలు బస్సు నడిపి తీసుకొచ్చాడు. ఇలా రావడం ఇది తొమ్మిదో ఏడు. ఎనిమిదిసార్లు ఓడిన పిల్లల్నే వెనక్కి మోసుకెళ్ళాడు. వెనక సీట్లలో ముక్కులు చీదుకునే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని ఆ దారంటే అతనికి ఒళ్ళు మంట. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పిల్లల పాటలకి బస్సు టాపు లేచిపోతుంటే నడపాలని అతని పంతం.

“డ్రైవరూ, బండి స్టార్ట్ చేసి పెట్టుకో!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వులు. ఒక కాగితం ఉండ వచ్చి అతని వీపుకి తగిలింది.

“నా బండి సంగతి సరే, మీ స్కోరు బోర్డు పని చేస్తుందో లేదో చూసుకోండి!” అని తిరిగి అరిచాడు.

కాపలాదారు ఈసారి అతని భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడే ఒక పెద్దావిడ కమ్మీ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. తల ముగ్గుబుట్ట.

“జరుగు నాయనా,” అంటూ డ్రైవర్ పక్కనే కూర్చుంది. “ఈయన ఎక్కడికీ వెళ్ళడు. నేనూ ఎర్రచొక్కాల మనిషినే.”

కాపలాదారు ఆవిణ్ణి చూసి నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ మూసుకుని మెల్లగా జారుకున్నాడు. వయసుకి ఆ మాత్రం మర్యాద మిగిలే ఉంది అనుకున్నాడు డ్రైవర్.

ఆట మొదలైంది. ఎర్ర జట్టులో ఏడో నంబరు అమ్మాయి అందరికంటే పొట్టి. బంతి ఆ పిల్ల చేతికి వచ్చిందంటే చాలు, పెద్దావిడ సీట్లో నిలవడం లేదు.

“వెయ్యవే తల్లీ! చూస్తావేం, వెయ్యి!”

“మీ మనవరాలా పెద్దమ్మ గారూ?”

ఆ హోరులో ఆవిడకి వినపడినట్టు లేదు.

సగం ఆట అయ్యేసరికి పంతొమ్మిది, ముప్ఫై. పదకొండు పాయింట్లు వెనక. పైగా ఎవరిదో మోచెయ్యి తగిలి ఏడో నంబరు పెదవి చిట్లింది. రిఫరీ ఈల వెయ్యలేదు. డ్రైవర్ లేచి నిలబడి గొంతు చించుకున్నాడు. రెండు వేల మంది కలిసి అతన్ని కూర్చోబెట్టారు.

“కిందటేడు ఆ పిల్లని ఇక్కణ్ణించే పంపేశారు నాయనా,” అంది పెద్దావిడ విరామంలో. “ఎత్తు చాలదట.”

“ఎవరు పంపేసింది?”

ఆవిడ గడ్డంతో నీలం జట్టు కోచ్‌ని చూపించింది. “అదిగో, వాడే. తప్పు చేస్తున్నావురా అని చెప్పి చూశాను. నీకేం తెలుసు ఆట గురించి, నోరు మూసుకో అన్నాడు.”

“మీ అంత పెద్దావిణ్ణి పట్టుకుని ‘నువ్వు’ అన్నాడా!” డ్రైవర్‌కి ఒళ్ళు మండిపోయింది. “మీరు ఊరుకున్నారా?”

“ఊరుకుంటానా! ఆ రోజే వెళ్ళి మా చెల్లెలి ఇంట్లో కూర్చున్నాను. మళ్ళీ వాడి మొహం చూడలేదు. ఇవాళ చూడ్డానికే వచ్చాను.”

మూడో క్వార్టర్‌లో పెదవికి దూది అంటించుకుని ఏడో నంబరు తిరిగి దిగింది. ఎత్తైన నీలం పిల్లల చేతుల కిందుగా దూరి, బంతి లాక్కుని, వాళ్ళు తిరిగి చూసేలోపే బుట్టలో వేస్తోంది. పదకొండు ఏడయింది. ఏడు మూడయింది. వెనక నుంచి కాగితం ఉండలు ఆగిపోయాయి. డ్రైవర్‌కి అరుపు బదులు గాలే వస్తోంది. పెద్దావిడ మాత్రం అతని ఎర్ర తువ్వాలు లాక్కుని గిరగిరా తిప్పుతోంది.

ఇంకా నలభై సెకన్లు. యాభైమూడు, యాభైఆరు. ఏడో నంబరు మళ్ళీ బంతి లాక్కుంది. రెండు పాయింట్లు. నీలం పిల్ల వేసిన బంతి అంచుకి తగిలి బయట పడింది. అది అందుకుని పరుగెత్తుతున్న ఏడో నంబరుని ఇద్దరు కలిసి నేలకేసి తోశారు. ఈసారి ఈల మోగింది.

నాలుగు సెకన్లు. రెండు ఫ్రీ త్రోలు. ఆ పిల్ల గీత దగ్గర నిలబడగానే స్టేడియం మొత్తం కాళ్ళతో నేలని బాదింది.

మొదటిది పడింది. సమం.

రెండోది ఇనప రింగు మీద ఒక చుట్టు తిరిగింది. ఇంకో అర చుట్టు తిరిగింది. లోపల పడింది.

ఆ నాలుగు సెకన్లూ ఎలా గడిచాయో డ్రైవర్‌కి తెలియదు. కళ్ళు తుడుచుకునేసరికి ఎర్రచొక్కాల పిల్లలు ఏడో నంబరుని భుజాలకెత్తుకున్నారు. “బాబాయ్!” అని కింద నుంచి అతనికి చేతులూపుతున్నారు. రెండు వేల మంది నోళ్ళు ఒక్కసారిగా పడిపోయిన ఆ నిశ్శబ్దంలో పెద్దావిడ చప్పట్లే వినపడుతున్నాయి.

నీలం జట్టు కోచ్ తలెత్తి చూశాడు. కోర్టు దాటి గబగబా మెట్లెక్కి నేరుగా వాళ్ళ వైపే వచ్చాడు. డ్రైవర్ లేచి ఆవిడకి అడ్డంగా నిలబడ్డాడు.

“ఓడిపోయిన కోపం పెద్దావిడ మీద చూపిస్తే బాగుండదు సార్. ముందు నన్ను దాటాలి.”

“నువ్వు తప్పుకో నాయనా,” అంది ఆవిడ వెనక నుంచి. “చెప్పనీ వాణ్ణి, ఏం చెప్తాడో.”

కోచ్ ఆవిడ ఎదుట తల దించుకుని నిలబడ్డాడు.

“నీ మాటే నెగ్గింది, ఇక మనింటికి వచ్చెయ్ అమ్మా.”