నీడ పడని తొట్టి

ముసలాయన నీడే అయ్యుండాలి. ఇంకేముంది కారణం?

మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అనుకుంది లోహిత.

తిరుపతిలోని ఆ ల్యాబులో రెండు తొట్లు, రెండింటిలోనూ జిలేబీ చేపలు. ఒక తొట్టి చేపలను ఆమె రోజూ వలతో తరుముతుంది. రెండోదాని జోలికి పోదు. బెదిరిన చేప ఒంట్లో ఒక హార్మోను ఊరుతుంది. అది మెదడుకెక్కితే, గుడ్లు పండించమని చెప్పే కణాలు మూగబోతాయి. ఆమె నిరూపించాల్సింది అదే.

కానీ జోలికి పోని చేపను కోసి చూసినా, ఆ కణాలు మూగగానే ఉన్నాయి. ఇట్లయితే ఇన్నేళ్ళ పరిశోధన మట్టిలో కలిసినట్టే.

అప్పుడప్పుడూ నగరి బస్సు దిగి వచ్చే ముసలాయన నిలబడేది ఆ రెండో తొట్టి దగ్గరే.

"పెద్దాయనా, ఇంక ఈడికి రావద్దు. నీ నీడకు బెదురుతా ఉండాయి. బెదిరితే చేప మెదడు గుడ్ల సంగతే మరిచిపోతుంది."

"మరుపన్నా ఉండాది దానికి" అని నవ్వాడాయన. "ఆ తలుపు కాణ్ణించి సూస్తా పాపా?"

"వద్దంటే అర్థం కాదా?"

చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత కూడా ఒక్కొక్క చేపనే కోస్తూ వచ్చింది. కణాలు మాత్రం పలకలేదు.

ఇవాళ రెండో తొట్టిలో మిగిలింది ఒకటే. ఆమెను చూస్తూనే మూలకు దూసుకుపోయి నక్కింది.

లోహిత ఆగి, తన చేతికేసి చూసుకుంది. పక్క తొట్టి చేపలను తరిమిన వల, ఇంకా నీళ్ళు కారుతూ. రోజూ దీన్ని పట్టుకునే కదా ఈ తొట్టి అద్దం ముందు నడిచింది!

అయినా మొదలుపెట్టిన పని. చేపను పట్టి అరచేతిలోకి తీసుకుంది.

నేల తుడుస్తున్న అటెండరుతో అంది: "ఢిల్లీబాబూ, ఆ పెద్దాయన్ను ఉత్తపుణ్యానికి తరిమేసినాను. వస్తే రానియ్యి."

"ఇంకేం సూసేదానికొస్తాడు మేడమ్? అదొకటే కదా మిగిలింది."

"అంటే?"

"మీకు ముందు ఈడ చేసిన మునిచంద్ర సారు, జరమొచ్చి పోయినాడే, ఆ సారు వాళ్ళ నాయన. ఈ తొట్టి చేపల్ని గోరంత పిల్లలప్పుడు తెచ్చి సాకింది ఆ సారే."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆయనే వద్దన్నాడు. పాప పని చెడిపోతాదని."

అరచేతిలో చేప నోరు తెరిచి మూస్తోంది. లోహిత వంగి దాన్ని నీళ్ళలోకి వదిలింది.