నేలకు పాడే పెట్టె

మాస్కులు వచ్చిన నాటి నుంచి తన ఇంట్లో ఏదో నడుస్తోందని సోమలింగానికి అనుమానం.

అనుమానం ఊరికే రాలేదు. సొంతూరు వదిలి వచ్చి, ఇరవై నాలుగేళ్ళు పండేసరా మిల్లుల్లో మరమగ్గాలు నడిపిన మనిషి. ఎదుటివాడి మొహం చూస్తే చాలు, మాట పట్టేస్తాడు. అలాంటిది ఇప్పుడు గల్లీలో, కిరాణా కొట్టులో, కార్ఖానా గేటు దగ్గర అందరూ మూతులు కట్టుకుని, తనకు తెలియకుండా లోకాన్ని నడిపేస్తున్నారు. పోనీ, లోకం సంగతి లోకానిది. ఇంట్లోవాళ్ళకేమొచ్చింది?

భార్య పద్మారాణీ, కూతురు అమూల్యా ఈ మధ్య ఏం చెప్పాలన్నా సరిగ్గా తన ఎదురుగా వచ్చి నిలబడుతున్నారు. తన మొహంలోకే చూస్తూ చెబుతున్నారు. ఏదో దాస్తున్నవాళ్ళకు కాకపోతే అంత జాగ్రత్త దేనికి?

గొడవ మాత్రం స్పీకర్ల దగ్గర మొదలైంది. పెళ్ళయిన కొత్తలో సోమలింగం రెండు చెక్క పెట్టెలు చేయించి, ఒక్కోదాంట్లో పదంగుళాల బాస్ స్పీకరు బిగించుకున్నాడు. బమ్రోలిలో తాముండే ఆ ఒంటిగది ఇంట్లో తనదని చెప్పుకునే సుఖం అదొక్కటే. ఆదివారం భోంచేసి, పెట్టెకు వీపు ఆనించి కూర్చుని, కళ్ళు మూసుకుని డప్పు పాటలు పెట్టుకునేవాడు. లాక్‌డౌన్‌లో ఎలుకలు ఆ స్పీకర్ల అట్టలు రెండూ కొరికి పెట్టాయి.

మగ్గాలు మళ్ళీ మొదలవగానే కొత్త బాస్ స్పీకర్లు వేయిద్దామన్నాడు. అమూల్య అడ్డం తిరిగింది. చీరలకు రాళ్ళు అంటించి దాచుకున్న డబ్బుతో తనే కొంటానంది. కొంటే సబ్‌వూఫరే కొంటానంది.

“బాస్ స్పీకర్లు గోడ దిక్కు పాడ్తయి బాపు. ఈ సబ్‌వూఫర్‌కు మూతి కిందికుంటది. నేలకు పాడ్తది,” అంది ఎదురుగా కూర్చుని.

“నేలకు పాడితే ఎవడు ఇంటడు? దాంట్ల మాట రాదు, ఉత్త గుబగుబ. నాకు పాట సాఫ్‌గ ఇనవడాలె.”

అమూల్య ఏదో అనబోయి తల్లి వైపు చూసింది. తల్లి కళ్ళు దించుకుంది. ఆ చూపులు సోమలింగానికి అస్సలు నచ్చలేదు.

ఆ వారంలో పిల్ల నాలుగుసార్లు స్పీకర్ల దుకాణానికి వెళ్ళింది. దుకాణం పరమేశ్వర్‌ది. తమ సిరిసిల్ల వైపు కుర్రాడే, మంచివాడే, కానీ పెళ్ళి కానివాడు. నాలుగోసారి సోమలింగం వెనకే వెళ్ళి, రోడ్డుకు ఇవతల ఆగిన టెంపో చాటున నిలబడ్డాడు.

లోపల అమూల్య చెప్పులు విప్పి, బండల మీద ఉత్తకాళ్ళతో నిలబడి ఉంది. కళ్ళు మూసుకుంది. రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుంది. పరమేశ్వర్ ఒక పెట్టె తర్వాత ఒకటి తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెడుతున్నాడు. మూడో పెట్టెకు ఆమె ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలూపారు.

పాట వినడానికి వెళ్ళిన పిల్ల చెవులు మూసుకోవడమేమిటి? వాళ్ళు వింటున్నది పాట కాదు. ఉన్న ఒక్క బిడ్డ, చేయి దాటిపోతోంది.

ఇంటికొచ్చి పద్మారాణిని నిలదీశాడు. ఆమె కంగారు పడలేదు. పొయ్యి కట్టేసి, ఇటు తిరిగి, ఆదివారం దాకా ఆగమంది. అంటే తల్లికీ తెలుసన్నమాట.

ఆదివారం పరమేశ్వర్ పెట్టె ఎత్తుకుని ఇంటికే వచ్చాడు. బయటి మనిషి వచ్చాడని తల్లీకూతుళ్ళు కూడా మాస్కులు పెట్టుకున్నారు. ముగ్గురూ మూతులు కనబడకుండా తలలూపుకున్నారు. పాత చెక్క పెట్టెలు అప్పుడే గుమ్మం బయటికి చేరాయి. మంచం మీద కూర్చున్న సోమలింగాన్ని ఒక్కరూ ఏమీ అడిగినట్టు లేదు.

“నన్ను కాదని నా ఇంట్ల ఏం నడుస్తున్నది?” అంటూ లేవబోయాడు.

అమూల్య వచ్చి అతని చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. వంగి, అతని కాళ్ళు రెండూ బండల మీద ఆనేలా పెట్టింది. పరమేశ్వర్ పెట్టెను మంచం పక్కకు జరిపి మీట నొక్కాడు.

బండల్లోంచి డప్పు లేచింది. అరికాళ్ళలోంచి మోకాళ్ళకు, మోకాళ్ళ నుంచి వెన్నుకు పాకింది.

అమూల్య మాస్కు గడ్డం కిందికి లాగి, మగ్గాల మోతలో పనివాళ్ళు మాట్లాడుకున్నట్టే గొంతు లేకుండా, పెదవులతో మాత్రమే ఒక్కో మాటా విడదీసి అడిగింది: “మూడేండ్ల సంది నీకు ఇనవడ్తలేదని మాకెరుకే బాపు, జర చెప్పు, పాట వస్తున్నదా?”