తలుపు లోపలి దొరసాని

ప్రసాద్ మళ్ళీ బీరువా తెరిచి నిలబడ్డాడు.

బుచ్చన్న మంచం మీద పడుకుని, కళ్ళు మూసినట్టే మూసి, రెప్పల సందు నుంచి చూస్తున్నాడు. చొక్కా తీసుకోవడానికి అంతసేపు పట్టదు. ప్రసాద్ చూస్తున్నది చొక్కాని కాదు.

"ఏం తీస్తున్నవ్‌రా అంతసేపు?"

"ఏం లేదన్నయ్యా. అయిపోయింది."

సౌదీలోని జుబైల్ లేబర్ క్యాంపులో మనిషికో బీరువా ఉండదు. ఇద్దరికి ఒకటి. బుచ్చన్నతో ఆ ఇనుప బీరువా పంచుకున్న ముసలి పెయింటరుకు చూపు సరిగా ఆనేది కాదు. కాబట్టి ఇన్నేళ్ళూ పేచీ రాలేదు. అతను పనికి స్వస్తి చెప్పి ఊరు వెళ్ళిపోయాడు. ఆ సగంలోకి గోదావరి జిల్లా వెల్డర్ ప్రసాద్ వచ్చి చేరాడు.

తలుపు లోపలి వైపు ఆమె ఉంది.

పాతకాలపు హాలీవుడ్ తార. పేరు తెలియదు. ఒక అమెరికన్ ఇంజనీరు ఖాళీ చేసిన విల్లాలో, గోడలు గీకుతుంటే బుచ్చన్నకు ఆ బొమ్మ దొరికింది. "హాలీవుడ్. ఓల్డ్. ఫినిష్," అన్నాడు ఫిలిప్పీనో ఫోర్‌మన్. ఫినిష్ అంటే ఎప్పుడో పోయిందని. బుచ్చన్న నమ్మలేదు. తల మీంచి జారిన తెల్లటి జలతారు ముసుగు. పైకెత్తిన కళ్ళు. ఒక చెంప మీదే వెలుగు. నలుపు తెలుపుల్లోనే ఆ బుగ్గ మీద ఎరుపు కనిపించేది. పక్క మంచం నాగేందర్ ఫోన్‌లో హీరోయిన్లు ఆర్నెల్లకోసారి మారిపోతారు. ఈమె మారలేదు. తొమ్మిదేళ్ళలో బుచ్చన్న జుట్టు నెరిసింది, రెండు పళ్ళు ఊడాయి. ఆమె మాత్రం దొరికిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

పెళ్ళాం ముత్యవ్వ ఒక్కనాడు అలా కళ్ళెత్తి చూడలేదు. రెండేళ్ళకోసారి మొగుడు ఇంటికొస్తే, పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే "వచ్చినవా" అనేది. చివరికి అతని సెలవు ఇంకా నాలుగు నెలలుందనగా, చెప్పాపెట్టకుండా చచ్చిపోయింది. ఆ తప్పు బుచ్చన్న ఇప్పటికీ మన్నించలేదు.

మొదటి రోజు బీరువా తలుపు తీయగానే ప్రసాద్ కొయ్యబారిపోయాడు. చెయ్యి గుండె మీదికి పోయింది.

"అన్నయ్యా, ఇక్కడ... ఈవిడా?"

"తొమ్మిదేండ్ల సంది నాతోనే ఉన్నది. బయట నోరు జారకు. క్యాంపు బాసు చూసిండంటే చింపేస్తడు."

"నేనెందుకు చెప్తానండి. ఈ దేశంలో ఈవిణ్ణి దగ్గర పెట్టుకున్నారంటే, మీకెంత ధైర్యమండీ."

ఆ రోజు బుచ్చన్న మీసం దువ్వుకున్నాడు. అక్కడే పొరపాటు జరిగింది.

డ్యూటీ నుంచి రాగానే అందరూ మంచాల మీద కూలబడతారు. ప్రసాద్ స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బీరువా దగ్గరికి పోతాడు. ఏవో గుసగుసలు. ఒకసారి అతని చెంపలు తడిగా ఉండటం బుచ్చన్న కంటపడింది. తర్వాతి శుక్రవారం బజారు నుంచి ప్లాస్టిక్ గులాబీ తెచ్చి ఆమె కింద అతికించాడు. ఇన్నేళ్ళలో బుచ్చన్నకు ఆ ఆలోచనే రాలేదు. అదే మరీ మండింది.

"అన్నా, నీ దొరసాని చెయ్యి దాటిపాయె," నాగేందర్ పకపకా నవ్వాడు. "గాయన పువ్వులిస్తున్నడు. నువ్వేమిచ్చినవే?"

"నోరు మూస్కో."

ఊళ్ళో ప్రసాద్ భార్య సునీతకు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదని అతనే చెప్పాడు. అలాంటి పెళ్ళానికి వీడియో కాల్ చేసి, ఫోను తిప్పి, ఆమెను చూపించాడు. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. తెర మీద వేలు పెట్టి, ఆ వేలిని పెదాలకు ఆనించుకుంది.

"ఆ కళ్ళు చూడండి, ఎంత బాగున్నాయో. రోజూ చూపించండి," అంది.

మొగుడూ పెళ్ళాలిద్దరికీ సిగ్గు లేదు అనుకున్నాడు బుచ్చన్న.

గురువారం ప్రసాద్ అతని మంచం దగ్గరికొచ్చి నేల మీద కూర్చున్నాడు.

"ఒక మాట అడుగుతానన్నయ్యా, కాదనకండి. మీరు ఎప్పుడైనా పూర్తిగా ఇంటికెళ్ళిపోతే, ఈవిణ్ణి నాకిచ్చేసి వెళ్ళండి."

"నేను పోయేదాక ఎందుకు?" అన్నాడు బుచ్చన్న.

మర్నాడు ప్రసాద్‌కు ఓవర్‌టైమ్. గదిలో ఎవరూ లేరు. బుచ్చన్న బీరువా తెరిచాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక సంగతి గమనించాడు. ఆమె తన వైపు చూడటం లేదు. తన తల మీదుగా ఎటో చూస్తోంది. ముత్యవ్వ పొయ్యి వైపు చూసినట్టే.

గోరుతో టేపు ఊడదీశాడు. నాలుగు ముక్కలు చేశాడు. డ్రమ్ములో వేసి, మున్సిపాలిటీ చెత్తబండి వచ్చి ఎత్తుకుపోయేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. తనది కానిది ఇంకెవరిదీ కాకూడదు.

మధ్యాహ్నం తలుపు ధడాలున తెరుచుకుంది. ప్రసాద్. మొహం పాలిపోయి ఉంది. చేతిలో ఫోన్. గడప దగ్గరే బూట్లు విప్పేశాడు.

తెలిసిపోయినట్టుంది. బుచ్చన్న లేచి, బీరువాకు వీపు ఆనించి, పిడికిళ్ళు బిగించి నిలబడ్డాడు. కొట్లాటకు సిద్ధంగానే ఉన్నాడు.

ప్రసాద్ అతని కాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"కొంచెం జరగండన్నయ్యా, సునీతను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారంట, మేరీమాతకి చెప్పుకోవాలి."