కుండమార్పిడి

"ఈ గోరంత బిళ్ళలో బావి ఉండాదా?" మాలకొండమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మన మిట్టచేలో ఎంత తవ్వినా చుక్క పడలా. దీంట్లో పడినాయా నీళ్లు?"

"నీళ్ల బావి కాదవ్వా, వెలుగు బావి," అని నవ్వింది మనవరాలు లిఖిత.

ఆ నల్లటి మెరుపు బిళ్ళ మీదే లిఖిత పీహెచ్‌డీ అంతా ఆధారపడి ఉంది. బెంగళూరులో ఓ ల్యాబు కొలిమిలో దాన్ని వేడి చేయించుకుని, తిరుపతిలో యూనివర్సిటీకి వెళ్లేలోపు ఆత్మకూరులో ఇంటి దగ్గర ఆగింది. ఒకే పలక నుంచి కోసి, అదే కొలిమిలో వేడి చేయించిన అలాంటి బిళ్ళే నవీన్ దగ్గరా ఒకటుంది. అతనిది ఉదయగిరి. ఇద్దరికీ ఒకే గైడు, ఒకే గడువు. ఈ నెలాఖరుకి థీసిస్ ఇచ్చెయ్యాలి. ఇంకో బిళ్ళ చేయించుకునే వ్యవధి లేదు.

"రెండు గోడల మధ్య సన్నటి గది ఉందనుకో అవ్వా. గోడల్లో ఒకరకం అణువులు, గదిలో ఇంకోరకం. వేడి తగిలితే గోడలోవి గదిలోకి వస్తాయి, గదిలోవి గోడలోకి పోతాయి. దాంతో బిళ్ళలోంచి వచ్చే వెలుగు రంగు మారిపోతాది."

"కుండమార్పిడి అను. వాళ్ల పిల్ల మనింటికి, మన పిల్ల వాళ్లింటికి."

"అంతే! కాకపోతే వేడి ఎక్కువైతే గదీ గోడా ఏకమైపోతాయి. అప్పుడు అసలు వెలుగే రాదు."

ఆ చివరి మాట అవ్వ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. ఆమె దిగులు వేరు. పిల్ల చిక్కి పుల్లలా అయింది. తిండి సయించదు. పొద్దస్తమానం ఆ నల్లబిళ్ళనే చూస్తూ కూర్చుంటుంది. ఏ పాపిష్టిది ఏం చేయించి పెట్టిందో!

మర్నాడు లిఖిత తలంటుకుని వచ్చేసరికి పెరట్లో కుంపటి కణకణలాడుతోంది. అవ్వ విసనకర్రతో విసురుతోంది.

"ఘాటే రాలా చూడు! ఎంత దిష్టి ఉండాదో! ఉప్పూ మిరపకాయలతో ఆ పాడుబిళ్ళను గూడా తిప్పి నిప్పుల్లో వేసినా. పీడ వదిలింది."

లిఖిత పట్టకారుతో బిళ్ళను బయటికి లాగి, అక్కడే కూలబడి భోరుమంది. నాలుగేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయింది.

సరిగ్గా అప్పుడే నవీన్ వచ్చాడు. ఉదయగిరి నుంచి వస్తూ, లిఖితను కూడా తీసుకెళ్దామని ఆత్మకూరులో దిగాడు. సంగతి విని బిళ్ళను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"ఏందబ్బా, దీనికా ఏడుస్తా ఉండావు? దీనికేం కాలా. కొలిమి చూసొచ్చిన దానికి కుంపటి ఒక లెక్కా? తుడిచి డబ్బాలో పెడతాలే. నువ్వు పొయ్యి మొహం కడుక్కో. బస్సు పోతాది."

"నా బంగారు అబ్బయ్య!" అంటూ అవ్వ అతనికీ దిష్టి తియ్యబోయింది. నవీన్ సంచి భుజాన వేసుకుని పరుగో పరుగు.

తిరుపతి ల్యాబులో భయంభయంగా డబ్బా తెరిచింది లిఖిత. నవీన్ ఎలా తుడిచాడోగానీ బిళ్ళ అద్దంలా ఉంది. లేజర్ వేశారు. వెలుగు తను లెక్కగట్టినంతే, నీలం వైపు జరిగింది. లిఖితకు గంతులెయ్యాలనిపించింది. గైడు రామనారాయణ గారి నోట "బాగుంది" అన్న మాట రావడం ఆ ల్యాబులో ఎవరూ ఎరగరు. ఆ రోజు వచ్చింది.

తర్వాత నవీన్ బిళ్ళ. వెలుగు లేదు. మళ్లీ చూశారు. అమావాస్య చీకటే.

"గదీ లేదు, గోడా లేదు. మాడ్చేశావు," అన్నారు గైడు. "కొలిమి దగ్గర కునుకు తీశావా?"

"చూసుకోలేదు సార్."

"అయితే మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టు. ఇంకో ఏడాది."

లిఖితకు జాలేసింది. జాలికన్నా ఎక్కువ ఒళ్లు మండింది. "నాది నిప్పుల్లో పడి కూడా బతికింది. నువ్వు డబ్బాలో దాచుకుని కూడా పాడుచేసుకున్నావు. మనిషన్నాక కాస్త జాగ్రత్త ఉండాల!" అని చీవాట్లు పెట్టింది. నవీన్ నవ్వేశాడు.

వైవా అయిపోయి డాక్టర్ లిఖిత అయిన రోజున అవ్వ ఫోన్లో ఒకటే అనింది. "నేను దిష్టి తియ్యబట్టే గదంటే!"

"నువ్వు తియ్యబట్టేలే అవ్వా," అని పెద్దగా నవ్వింది లిఖిత.

తన బిళ్ళను అవ్వకే కానుకగా ఇద్దామనుకుంది. తన డబ్బా మూత విరిగిపోయింది. నవీన్ టీకి వెళ్లాడు. ఆ పనికిరాని బిళ్ళకు డబ్బా ఎందుకులే అని, అతని సొరుగులోంచి డబ్బా తీసి అరచేతిలో బోర్లించింది.

బోర్లాపడ్డ ఆ బిళ్ళ వీపుకి, కరిగి గడ్డకట్టిన ఉప్పులో, మాడిన మిరపగింజ ఒకటి అతుక్కుని ఉంది.