అంచు గింజలు

"ఎవరమ్మా నువ్వు? చెప్పులతో వచ్చేస్తున్నావ్!"

శాస్త్రవేత్తకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు మరీ ఎక్కువ. తెగులు సోకి పొలమంతా మాడిపోతే, తట్టుకుని నిలబడింది ఒకే ఒక్క పొద్దుతిరుగుడు మొక్క. దాని పువ్వు ప్రయోగశాలలో ఆయన బల్ల మీద ఉంది.

గింజ ముదిరేదాకా ఆగకుండా, పువ్వు విచ్చిన పన్నెండో రోజే లోపలి పిండాన్ని తీసి గాజు గొట్టంలో పెంచాలి. అలా చేస్తే ఏడాదిలో నాలుగు తరాలు చూడొచ్చని పుస్తకంలో ఉంది.

ముసలావిడ చెప్పులు బయట విడిచి వచ్చింది.

"చేతులెక్కడ కడుక్కోవాలి బాబూ?"

"కొత్త పనిమనిషివా? ముందు గచ్చు తుడువు."

తెల్లకోటు తొడుక్కుంటే చాలు, కొందరికి ఎదుటివాళ్లంతా పనివాళ్లే.

ఆవిడ బల్ల మీదికి వంగి చూసింది. గాభరాపడింది.

"మధ్య గింజలు తీస్తున్నారేంటి? అవింకా పసివి. అంచువి తీయండి."

"అంచువాటికి పెంకు గట్టిపడింది. మధ్యవే కత్తికి లొంగుతున్నాయి. పువ్వుకు కట్టిన చీటీ చూడు, పన్నెండు రోజులు!"

"అది అంచు విచ్చిన రోజు నుంచి లెక్క. పువ్వు అంచు నుంచి లోపలికి విచ్చుకుంటుంది బాబూ. మధ్యవాటికి వారం కూడా నిండలేదు."

"పుస్తకంలో ఉందా ఈ మాట?"

"లేదు."

"అయితే నోరు మూసుకుని బయటికి నడువు! గచ్చు తుడిచేవాళ్లు కూడా నాకు పాఠాలు చెప్పడమే!"

"ఆ అంచువైనా పారేయకండి, మీకు దణ్ణం పెడతాను."

ఆయన వాటిని ఆవిడ కళ్లెదుటే చెత్తడబ్బాలో విసిరికొట్టాడు. తెగులు పొలం చెత్తను అక్కడ ఏ రోజుకారోజు కాల్చేస్తారు.

ఆవిడ ముఖం కందిపోయింది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

అయిదో రోజుకు గొట్టాల్లో పిండాలన్నీ నల్లబడ్డాయి. శాస్త్రవేత్త పుస్తకం రాసిన పెద్దాయనకు ఫోన్ చేశాడు.

"మీ పుస్తకం శుద్ధ దండగండీ! నలభైకి నలభై చచ్చాయి!"

పెద్దాయన గొంతూ లేచింది.

"పుస్తకం చాలదనేగా మనిషిని పంపింది!"

"ఏ మనిషి? నిపుణులెవరో వస్తారని చూశాను, ఎవరూ రాలేదు. ఒక పనిమనిషి తప్ప."

పెద్దాయన గొంతు తగ్గింది.

"వస్తూనే చేతులెక్కడ కడుక్కోవాలని అడిగిందా?"

శాస్త్రవేత్త ఖాళీ చెత్తడబ్బా వైపు చూశాడు.

"మా దగ్గర గొట్టాలు కడగడానికి చేరిందయ్యా" అన్నాడు పెద్దాయన. "ఆవిడ చేస్తుంటే చూసి రాసుకున్నవాణ్ణి నేను. నా చేత్తో ఒక్క పిండమూ బతకలేదు."