ఎవరూ చూడని తుంగ

వేసవిలో ఊరి చెరువు ఎండిపోతే, నీళ్ళలో మునిగి తేలే ఒక బుడబుంగ పిట్ట ఎక్కడో దూరాన పడవలు తిరిగే సరస్సుకు వచ్చి గూడు కట్టింది. వానాకాలంలో పిల్లలు పుట్టాయి. రోజూ మనుషులు ఒడ్డున నిలబడి బైనాక్యులర్లతో చూసేవారు.

"ఎంతెంత కళ్ళో చూడు వదినా! నా పిల్లల్ని ఏం చేస్తారో!" అని బుడబుంగ వణికేది.

"చూసి పోతారు, అంతే. చలికాలం వలస బాతులొస్తే నీ మొహం ఎవడూ చూడడు" అని పొరుగు నీటిపక్షి నామాలకోడి నవ్వేది.

అయినా బుడబుంగకు ధైర్యం చాలలేదు. పిల్లల్ని వీపుమీద ఎక్కించుకుని, మనిషి జాడ లేని తుంగలోకి ఈదుకుపోయింది.

"ఇక్కడ మనల్ని ఎవరూ చూడరు" అంది.

"మరి పైనుంచి చూస్తున్నదెవరమ్మా?" అంది చిన్న పిల్ల.

నీళ్ళమీద గద్ద నీడ తిరుగుతోంది. మనుషులున్న ఒడ్డున అది ఎప్పుడూ ఇంత కిందికి దిగలేదు.